మాట ముందు – ముద్రిక తరువాత

సుందరకాండమున హనుమంతుని సముద్రలంఘనమును అందరును కొనియాడుదురు. నూరు యోజనముల కడలిని దాటుట బలకార్యము. భయమున కుమిలిన మనస్సున నమ్మకము కలిగించుట అంతకంటెను దుష్కరము. ఆ కార్యము అశోకవనమున జరిగినది.

రావణుడు రెండు మాసముల గడువు విధించి వెడలెను. రాక్షసస్త్రీల బెదరింపులకు తాళలేక సీతాదేవి తన జడతోనే ఉరివేసికొని ప్రాణములు విడువనెంచెను. శుభశకునములు కొంత ఊరడించినను దుఃఖము తీరలేదు. హనుమంతుడు మాటాడకున్న ఆమె ప్రాణములు దక్కవు. తొందరపడి మాటాడినచో ఆమె బెదరి కేకవేయును; రాక్షసులు చుట్టుముట్టుదురు; స్వామికార్యము చెడును. పండితునివలె సంస్కృతమున పలికినచో రావణుడే వచ్చెనని శంకించును. కావున సామాన్య మానవులు పలుకు మాటయే తగునని నిశ్చయించుకొనెను. సర్వశాస్త్రవేత్త తన పాండిత్యమును చూడక, వినువారి మనఃస్థితిని చూచెను.

శింశుపావృక్షపు కొమ్మల మాటున ఉండియే, దశరథుని మొదలుకొని శ్రీరామకథను మృదువుగా వినిపించెను. దిగివచ్చిన పిదపను ఆమె సందేహము తీరలేదు. సన్న్యాసివేషమున వచ్చినవానిచే ఒకమారు మోసపోయిన తల్లి గదా! హనుమంతుడు ఆ శంకకు నొచ్చుకొనలేదు. ఆమె అడిగిన రామలక్ష్మణుల లక్షణములను వర్ణించెను. నరవానరులకు మైత్రి కుదిరిన విధమును తెలిపెను. ఆ తరువాతనే రామనామాంకితమైన అంగుళీయకమును సమర్పించెను.

ఈ క్రమము గమనింపదగినది. నమ్మకము కుదురని చోట గొప్ప ఆనవాలు సైతము మాయగానే తోచును. నమ్మకము కుదిరిన పిదప అదియే ప్రాణాధారమగును. సీతాదేవియు ఏకాంతమున జరిగిన కాకవృత్తాంతమును గురుతుగా చెప్పి, చూడామణిని ఒసగి పంపెను. విశ్వాసము ఇచ్చిపుచ్చుకొనునది.

సంసారమున చిక్కిన జీవునకు భగవద్వార్తను తెచ్చు ఆచార్యునిగా హనుమంతుని శ్రీవైష్ణవ పెద్దలు భావింతురు. ఈ పాఠము గృహస్థులకును వర్తించును. యాత్రాస్థలమున తనవారినుండి తప్పిపోయిన వృద్ధురాలు కనబడినచో, చేయిపట్టి తొందరచేయరాదు. ముందు కూర్చుండబెట్టి, ఆమెకు తెలిసిన మాటలలో ఊరు, పేరు అడుగవలయును. ఆమె సంశయించినను కోపగింపరాదు. కొత్తగా ఇంట అడుగిడిన కోడలియెడ, తప్పుచేసి జంకుచున్న పనివానియెడ నడువవలసిన తీరును ఇదియే.

మేలుచేయువాడు తన మంచితనము తనకు తెలిసినది చాలునని తలపరాదు. ఎదుటివారికి తెలియువరకును ఓర్పు వహించుటయే హనుమంతుడు చూపిన దారి.