నలభై ఒక్కమంది

సమస్య



మాది నల్లగొండ జిల్లా. రెవెన్యూ శాఖల ముప్పై నాలుగేండ్లు పని చేసి డిప్యూటీ తహసీల్దార్‌గ రిటైరైన. ఇప్పుడు అరవై మూడు నడుస్తున్నయి. రిటైరైనా ఊర్లకెళ్లి మనుషులు వస్తనే ఉన్నరు. "సారూ, మా నాయిన పోయి ఆర్నెల్లాయె, భూమి మా పేర్ల మీదికి విరాసత్ ఎట్ల చేయించుకోవాలె?" "సారూ, లావుణి పట్టా భూమి అగ్గువకొస్తున్నది, కొనచ్చా?" మనుషులు వేరు గని ప్రశ్నలు అవే. మా అబ్బాయి హైదరాబాద్‌ల సాఫ్ట్‌వేర్. "ఒక్కొక్కలకు చెప్పుడెందుకు నాన్నా, పాడ్‌కాస్ట్ పెడదాం, అందరు వింటరు" అని ఆరు వేలు పెట్టి మైకు తెచ్చిండు.

ఇరవై రెండు ఎపిసోడ్లు చేసిన. ఒక్కోటి నలభై నిమిషాలు. సాలార్‌జంగ్ కాలం నుంచి మొదలువెట్టి సేత్వార్, ఖాస్రా పహాణీ అనే పాత భూమి రికార్డులు, ఆర్‌ఓఆర్ చట్టాలు అన్ని వరుసగ చెప్పుకుంట వస్తున్న. రాత్రి పదకొండు దాక పుస్తకాలు తిరగేసి రాసుకుంటున్న. పోయిన ఎపిసోడ్ విన్నది నలభై ఒక్కమంది. అండ్ల సగం మా చుట్టాలే. మా అబ్బాయి ఫోన్ల గ్రాఫ్ చూపెట్టిండు, నిమిషంన్నర కాడ గీత బావిల పడ్డట్టు పడుతున్నది. "షాకింగ్ అని పెట్టాలె, 'మీ భూమి పోతుంది జాగ్రత్త' అని పెట్టాలె, రోజుకొకటి ఒదలాలె" అంటడు. నాకు మనసొప్పుతలేదు. మా ఆమె అయితే "ఇన్నేండ్లు మనుషులకు చెప్పినవ్, ఇప్పుడు గోడకు చెప్తున్నవ్" అన్నది. ఆ మాట కడుపుల పడ్డది.

భాష గురించి కూడ ఇంట్ల పంచాయితీ ఉన్నది. నేను పుస్తకం భాషల చెప్తున్న అని పిల్లలు నవ్వుతున్నరు. ఇంట్ల మాట్లాడినట్టు చెప్తే చదువుకున్నోళ్లు, ఆంధ్ర దిక్కు వాళ్లు చిన్నచూపు చూస్తరేమో అని నా భయం. ఇగ విన్న కొద్దిమంది ఫోన్లు చేసి మా తమ్ముని వాటా సంగతి తేల్చమంటరు, తహసీల్దార్‌కు ఒక మాట చెప్పమంటరు. ఒకాయన ఎవరెవరు పైసలు తింటున్నరో పేర్లు చదవమన్నడు. పైంగ భూముల రికార్డులకు ధరణి పోయి భూభారతి వచ్చె. నేను ధరణి మీద చేసిన తొమ్మిది ఎపిసోడ్లు ఏం గావాలె?

మొన్న ఒక ముసలవ్వ వచ్చింది. పెనిమిటి పోయిండు, రెండెకరాల పది గుంటలు. పట్టా ఎవరి పేరు మీద ఉన్నదవ్వా, పిల్లలెందరు, ఆయన ఉన్నప్పుడు ఎవరికన్న కాయితం రాసిచ్చిండా అని అడిగిన. కొడుకులు తమ పేర్లే ఎక్కించుకుంటమన్నరట. నీ పేరు, నీ బిడ్డల పేర్లు కూడ వారసుల కింద రావాలె, మీరు వద్దనుకుంటే అది వేరే ముచ్చట అని ఒక కాయితం మీద గీసి చెప్పిన. పావుగంట పట్టింది. "ఇప్పుడు సమజైంది కొడుకా" అని లేచింది. మైకు ముందట నాకు ఇట్ల వస్తలేదు. బంద్ చేసుకోవాల్నా?

ఒక రిటైర్డ్ ఉద్యోగి, నల్లగొండ జిల్లా

సలహా

అన్నగారూ, మీరు పంపిన మూడు ఎపిసోడ్లూ పెట్టుకున్నాను. ఉన్నమాట చెబుతాను, మొదటిది వింటూ వింటూ బియ్యం ఏరడంలో పడిపోయాను. కాసేపటికి చూసుకుంటే మీరు ఏ సెక్షన్‌లో ఉన్నారో నాకు తెలియదు. మీ ఉత్తరం మాత్రం రెండుసార్లు చదివాను, ముసలవ్వ దగ్గర మూడోసారి కూడా. ఈ ఉత్తరం రాసినాయనా ఆ మైకు ముందు కూర్చున్నాయనా ఒకరేనా అని నాకు అనుమానం వచ్చింది.

విరాసత్ ఎపిసోడ్‌ని గడియారం పెట్టుకుని విన్నాను. నలభై సెకన్లు పాత సినిమా పాట బిట్టు. తర్వాత "శ్రోతలందరికీ సాదర ప్రణామములు". ఆ తర్వాత మీరు ఏయే మండలాల్లో పని చేశారో, మైకు కొనిచ్చిన అబ్బాయికి ఆశీస్సులు, గత ఎపిసోడ్‌లో ఏం చెప్పుకున్నామో. "విరాసత్" అన్న మాట మొదటిసారి వినపడేసరికి ఒక నిమిషం యాభై సెకన్లు. మీ గీత బావిలో పడేది నిమిషంన్నర దగ్గర. అంటే జనం మీ విషయం నచ్చక పోలేదు. విషయం రాకముందే వెళ్లిపోయారు. (ఆ పాట బిట్టు ఎలాగూ తీసెయ్యండి. మన కాపీరైట్ చట్టంలో సౌండ్ రికార్డింగ్‌కి అరవై ఏళ్ల రక్షణ ఉంది. ఆ కంపెనీ వాళ్లు మిమ్మల్ని పట్టించుకోకపోవచ్చు గానీ, చట్టం చెప్పే మనిషికి అది బాగుండదు.)

నేనూ కొన్నేళ్లు ఒక రేడియో కేంద్రంలో ప్రసంగాలు రాశాను. మొదటిసారి రాసిన దాన్ని మా ప్రొడ్యూసర్ గారు చూసి, మొదటి పేజీ మడిచి నా చేతికిచ్చి, "రెండో పేజీ నుంచి చదవమ్మా" అన్నారు. ఆ సాయంత్రమంతా ఏడుపొచ్చింది. రెండో పేజీ నుంచి చదివితే మాత్రం బాగుంది. మీకూ అదే చెబుతున్నాను, మీవి రెండో పేజీ నుంచి బాగున్నాయి.

ముసలవ్వ దగ్గర మీరు సాలార్‌జంగ్ పేరెత్తారా? లేదు కదా. ముందు అడిగారు. మూడే ప్రశ్నలు, వాటిలో ఏదీ వృథా కాదు. వెంటనే జవాబు చెప్పారు. ఆ తర్వాతే కారణం. ఇదే వరుస మైకు ముందూ పెట్టండి. ఎపిసోడ్ తెరుచుకోగానే అడిగిన వాళ్ల మాటల్లోనే ప్రశ్న: "మా నాయిన పోయి ఆర్నెల్లాయె, విరాసత్ ఎట్ల?" మొదటి నిమిషంలోనే జవాబు పడాలి. కావలసిన వాళ్లు మిగతాది వింటారు, తొందరలో ఉన్నవాళ్లు జవాబు తీసుకుని పోతారు. వాళ్లు పోవడం మీకు నష్టం కాదు, మళ్లీ ఇంకో అవసరానికి మీ దగ్గరికే వస్తారు. ఒక ఎపిసోడ్‌కి ఒకే ప్రశ్న. పావుగంట దాటిందంటే అందులో రెండో ప్రశ్న దూరిందని లెక్క.

ఇది కొత్త సంగతేమీ కాదు. విజయవాడ రేడియోలో ఉషశ్రీ గారు ధర్మసందేహాలు చెప్పిన రోజుల్లో, అడిగింది ఎవరో ఒక శ్రోత. విన్నది ఊళ్లకు ఊళ్లు. పక్కవాడి సందేహం మన సందేహంలాగే ఉంటుంది, అడగడానికి మొహమాటపడతాం అంతే. మీ గడపకి వచ్చేవాళ్లు అడుగుతున్న ప్రశ్నలే మీ జాబితా. ఒక నోట్‌బుక్ పెట్టి, వచ్చిన ప్రతి ప్రశ్ననీ వాళ్లన్న మాటల్లోనే రాసుకోండి, మళ్లీ వస్తే పక్కన ఒక గీత గీయండి. ఎక్కువ గీతలున్నది ముందు. లావుణి పట్టా కొనొచ్చా అన్నదానికి మీ దగ్గర ఇప్పటికే పది గీతలుండాలి. భూమి లేని పేదలకిచ్చిన ఈ అసైన్డ్ భూమి అమ్మితే చెల్లదని 1977 చట్టం చెబుతున్నా, అగ్గువకొస్తోందని కొని మోసపోయేవాళ్లు ఇంకా ఉన్నారంటే, ఆ మాట వాళ్ల చెవిన సరిగా పడలేదన్నమాటే.

చెవి అన్నాను కాబట్టి, మీ ఎపిసోడ్లలో నన్ను అసలు ఇబ్బంది పెట్టిన సంగతి చెబుతాను. చెవికి వెనక్కి తిప్పి చూసుకునే సౌకర్యం లేదు. "ఫలానా చట్టం, ఫలానా సెక్షన్, ఉపసెక్షన్, క్లాజు" అని మీరు ఒకే ఊపిరిలో అంటే అంట్లు తోముకుంటున్న మనిషి ఏం పట్టుకుంటుంది? కథ, వరుస, హెచ్చరిక చెవికి ఎక్కుతాయి. నంబర్లు, ఫీజులు, జత చేయాల్సిన కాగితాలు కంటికి కావాలి. అందుకే ప్రతి ఎపిసోడ్‌కీ ఒక పేజీ రాసి బ్లాగులో పెట్టండి. పైన ప్రశ్న, కింద జవాబు రెండు వాక్యాల్లో, ఆ కింద తీసుకెళ్లాల్సిన కాగితాల జాబితా, చివర తేదీ. ఆడియో వినని వాళ్లు కూడా ఆ పేజీని వాట్సాప్‌లో ఊరికి పంపుకుంటారు. గూగుల్‌లో వెతికేవాళ్లకి దొరికేది కూడా ఆ పేజీయే. ఏ మాటకామాటే, మీరు గుంటల లెక్క మాత్రం చక్కగా చెప్పారు. గుంటకి 121 గజాలు, నలభై గుంటలైతే ఎకరం అని ఊరికే అనేయకుండా, మీ ఇంటి వెనక పెరడు కొలిచి చెప్పారు చూడండి, అది చెవికి తగిన చెప్పడం.

ధరణి ఎపిసోడ్ల సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. ధరణి 2020 అక్టోబర్ 29న మొదలైంది, 2025 ఏప్రిల్ 14 నుంచి భూభారతి వచ్చింది. మీ పదిహేడో ఎపిసోడ్‌లో, రికార్డు తప్పు పడితే ఇక సివిల్ కోర్టే గతి అన్నారు. అన్న రోజున చాలావరకు సరైన మాటే. కొత్త చట్టంలో తహసీల్దార్ ఉత్తర్వు మీద ఆర్డీఓకీ, అక్కడి నుంచి కలెక్టర్‌కీ అప్పీలు దారి పెట్టారు. మీ పాత మాట విని ఎవరో ఆ దారి వదిలేసి వకీలు ఫీజు కట్టి కోర్టుకి పోతే? పాతబడిన ఎపిసోడ్ వేరు, హాని చేసే ఎపిసోడ్ వేరు. పద్ధతి చెప్పిన తొమ్మిదీ ఈ వారమే దించెయ్యండి. వాటిలో అవసరమైనవి కొత్తగా చెప్పండి, 2020లో దరఖాస్తు పెట్టుకుని ఎదురుచూస్తున్న సాదాబైనామాల (తెల్లకాగితం కొనుగోళ్ల) గురించి తప్పకుండా. ఇకమీదట ప్రతి ఎపిసోడ్ మొదట్లో "ఈ మాట చెప్తున్నది ఫలానా నెల, ఫలానా సంవత్సరం" అని నోటితోనే అనండి. కింద రాస్తే ఎవరూ చూడరు. చరిత్ర ఎపిసోడ్లు మాత్రం ఉంచండి. సేత్వార్‌లోని ఉర్దూ రాతను మీకు చదివి పెట్టిన ముసలి మున్షీ గారి ముచ్చట ఉంది చూశారా, దాన్ని నేను బియ్యం పక్కన పెట్టి విన్నాను. చరిత్ర చెప్పొద్దని కాదు, విరాసత్ కోసం వచ్చినవాణ్ణి దాని గుండా నడిపించొద్దని.

భాష గురించి మీ భయం నాకు అర్థమైంది గానీ, అది లేని భయం. ఆంధ్ర వైపు వాళ్లకి పహాణీ లేదు, అడంగల్ ఉంది. అక్కడ భూమి చట్టం వేరు, పోర్టల్ వేరు. మీ సలహా వాళ్లకి పనికొచ్చేదే కాదు, అందుకే "ఇది తెలంగాణ వరకే" అని మొదటే చెప్పాలి కూడా. మరి ఎవరి మెప్పు కోసం ఆ సాదర ప్రణామములు? జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో 2008 నుంచి సంఘం రేడియో నడుస్తోంది, 90.4 మెగాహెర్ట్జ్ మీద. నడిపేది పల్లె ఆడవాళ్లు, ఎక్కువమంది దళిత మహిళలు. విత్తనాల గురించీ చిరుధాన్యాల గురించీ తమ మాటల్లోనే చెబుతారు. చదువుకున్నవాళ్లు చిన్నచూపు చూడ్డం మాట అటుంచి, దేశంలో ఎక్కడెక్కడి నుంచో వచ్చి నేర్చుకుని పోయారు. మీరు నాకు రాసిన భాషలో చెప్పండి. "కడుపుల పడ్డది" అన్న మనిషి "మిక్కిలి మనస్తాపము" అనడం నేను ఒప్పుకోను.

అబ్బాయి మీద కోపం వద్దు, గ్రాఫ్ చూపించి మంచి పనే చేశాడు. "మీ భూమి పోతుంది" అన్న శీర్షిక మాత్రం వద్దేవద్దు. భయపడ్డ రైతు మీ ఎపిసోడ్ వినడు, నేరుగా బ్రోకర్ దగ్గరికి పోతాడు. అడిగిన ప్రశ్ననే శీర్షికగా పెట్టమనండి. డబ్బు ఆశ ఏమైనా ఉంటే అతనికే ఈ లెక్క అప్పజెప్పండి: యూట్యూబ్‌లో ప్రకటనల డబ్బు రావాలంటే వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో నాలుగు వేల గంటల వీక్షణ కావాలి. ఒక్కొక్కరు ఆరేసి నిమిషాలు విన్నా నలభై వేలసార్లు వినాలి. దాని కోసం రోజుకొకటి వదిలితే మీ నోట్‌బుక్ రెండు నెలల్లో ఖాళీ. పదిహేను రోజులకి ఒకటి చాలు. పెళ్లిళ్ల కాలంలో పసుపు కుంకుమల కింద ఇచ్చే భూమి గురించి, వానాకాలానికి ముందు పాస్‌బుక్ గురించి, అలా ఊరి క్యాలెండర్‌ని బట్టి పెట్టుకోండి.

ఫోన్లు చేసేవాళ్లకి వేరే సిమ్ ఒకటి తీసుకోండి, వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లే తీసుకుంటానని చెప్పండి. ఎవరి గొంతైనా వినిపించాలంటే ముందు వాళ్లని అడగాలి, ఊరి పేరు, సర్వే నంబరు తీసెయ్యాలి. అన్నదమ్ముల మధ్య తీర్పు మీరు చెప్పకండి, ఒక పక్షం మాటే మీకు తెలుసు. 15100కి ఫోన్ చేస్తే న్యాయ సేవాధికార సంస్థ వాళ్లు పలుకుతారు. ఆడవాళ్లకీ, ఎస్సీ ఎస్టీలకీ ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలుని ఇస్తారు, 1987 చట్టంలోనే ఉంది. తహసీల్దార్‌కి మీరు మాట చెప్పడం మొదలుపెడితే రెండు నెలల్లో మీ గడప ఇంకో ఆఫీసు అవుతుంది. ఇక పేర్లు చదవమన్నాయనకి "చదవను" అని చెప్పండి. దానికి బదులు దరఖాస్తు ఇచ్చినప్పుడు రసీదు ఎలా అడగాలో, ఇవ్వనంటే ఏం చెయ్యాలో ఒక ఎపిసోడ్ చెయ్యండి. లోపల పని చేసిన మీలాంటి వాళ్లే అది చెప్పగలరు.

మైకు ఆరు వేలది అక్కర్లేదు గానీ కొన్నారు కాబట్టి వాడండి. గదిలో ప్రతిధ్వని వస్తోంది. బట్టల బీరువా తెరిచి దాని ముందు కూర్చోండి, గోడకి ఒక రగ్గు వేలాడదీయండి. మోనోలో 64 కేబీపీఎస్‌కి తగ్గిస్తే పది నిమిషాల మాట అయిదు ఎంబీ లోపే ఉంటుంది, పల్లెలో సిగ్నల్ సరిగ్గా లేని చోట కూడా దిగుతుంది.

విన్నవాళ్లలో సగం చుట్టాలే అని బాధపడ్డారు. చుట్టాలకి భూములు లేవా అన్నగారూ?

బంద్ చెయ్యాలా అని అడిగారు. ముందు ఆ ముసలవ్వని మళ్లీ పిలవండి. ఆమె ఒప్పుకుంటే ఆ పావుగంట మాట మళ్లీ మాట్లాడుకోండి, ఈసారి మైకు పక్కన పెట్టుకుని. మీరు కాగితం మీద గీసిందే బ్లాగులో బొమ్మగా పెట్టండి. తయారయ్యాక మొదట ఆమెకే వినిపించి, ఎక్కడ తెలియలేదో చెప్పమనండి. మాట్లాడేటప్పుడు ఫ్యాన్ ఆపాలి మరి, ఎండాకాలమైతే పొద్దున ఆరింటికే రమ్మనండి. మీ ఆవిడ గారిని చాయ్ కొంచెం ఆగి తెమ్మనండి, మూడో ఎపిసోడ్‌లో గ్లాసుల చప్పుడు మీ మాట కంటే బాగా వినపడింది.