ప్రశ్నలు - జవాబులు: పాల హక్కు ఎవరిచ్చారు?

ప్రశ్న: మా పాపకి నాలుగేండ్లు. అంగన్‌వాడీకి పోతాది. గుడ్డు పెడతారు గానీ పాలు ఒక వారం ఇస్తే ఇంకో వారం ఇయ్యరు. అడిగితే స్టాకు రాలేదంటారు. పాలు ఇయ్యాలని చట్టంలో ఉందా?
- ఒక తల్లి, డోన్

జవాబు: రోజూ పాలు పోయాలని చట్టంలో రాసిలేదమ్మా. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం ఆరు నెలలు నిండిన దగ్గర్నుంచి ఆరేళ్లదాకా పిల్లలకు అంగన్‌వాడీలో ఉచిత పోషకాహారాన్ని హక్కు చేసింది. అందులో ఎంత శక్తి, ఎంత మాంసకృత్తులు ఉండాలో రెండో షెడ్యూలు చెబుతుంది. ఏం వండాలో, ఏం పోయాలో ప్రభుత్వాలు నిర్ణయిస్తాయి. మన ఆంధ్రప్రదేశ్‌లో 2020 సెప్టెంబరులో మొదలైన సంపూర్ణ పోషణ పథకంలో మూడేళ్లు నిండిన పిల్లలకు రోజుకు 100 మిల్లీలీటర్ల పాలు పెట్టారు. చట్టం సెక్షన్లలో ఉన్న హక్కును తీసేయాలంటే సభలో చర్చ జరగాలి. పథకంలో ఉన్నదాన్ని మార్చడానికి ఒక జీవో చాలు. పాలు కూడా చట్టంలోకే ఎక్కాలని నేను గట్టిగా కోరుకుంటాను. వానల్లేని ఏడు మన పల్లెల్లో గేదె పాలు పిల్లల గ్లాసులోకి రాకముందే డెయిరీ క్యానులోకి పోతాయి.

టీచరమ్మ మీద కోప్పడొద్దు, పాలు పంపేది ఆమె కాదు. ఏయే తేదీల్లో పాలు లేవో రాసిపెట్టుకోండి. పదిమంది తల్లులు సంతకాలు చేసి సూపర్‌వైజరుకు, ఐసీడీఎస్ ప్రాజెక్టులో సీడీపీఓకు (శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారికి) అర్జీ ఇవ్వండి. నకలు మీద ముద్ర వేయించుకోండి. అక్కడా తేలకపోతే, ఆహార భద్రతా చట్టం 15వ సెక్షన్ కింద జిల్లాకో ఫిర్యాదుల అధికారి ఉండాలి. అర్జీ ఆయనకు పంపండి. ఎండలకు విరిగిపోతాయని తెప్పించలేదంటే ఒప్పుకోవద్దు. బాగా వేడిచేసి నింపిన టెట్రా ప్యాకెట్‌కు కత్తిరించేదాకా ఫ్రిజ్ అక్కర్లేదు. గడువు తేదీ మాత్రం చూడండి, ఉబ్బిన ప్యాకెట్ తాగించొద్దు.

ప్రశ్న: బళ్లారిలో మా అక్క పిల్లలకు బడిలో పాలు పోస్తారు. ఇక్కడ రెండో తరగతి చదివే మావాడికి ఎందుకు లేవు?
- ఒక తండ్రి, డోన్

జవాబు: కర్ణాటక 2013 ఆగస్టు 1న క్షీరభాగ్య పథకం మొదలుపెట్టింది. పాలపొడి కలిపి ఒక్కొక్కరికి 150 మిల్లీలీటర్లు పోస్తారు. అక్కడ పాడి రైతుల సమాఖ్య దగ్గర పాలు మిగిలిపోతుండేవి, వాటికి బడి దారి చూపించింది. మన బడుల్లో గుడ్డు, చిక్కీ ఉన్నాయి. 2023 మార్చి నుంచి రాగిజావ చేరింది. రాగుల్లో కాల్షియం బాగా ఉంటుంది, తక్కువగా చూడకండి. అయినా జావ ఉంది కదా అని పాలు అడగడం మానొద్దు. బ్రిటన్‌లో 1946 చట్టం బడి పిల్లలందరికీ ఉచితంగా పాలిచ్చింది. ఏడేళ్లు దాటినవాళ్లకు ఆపాలనుకున్నప్పుడు 1971లో మరో చట్టం చేయాల్సి వచ్చింది, దాని మీద దేశమంతా గొడవపడింది. మన దగ్గరా పాలు తీసేయడం అంత కష్టం కావాలి.

ప్రశ్న: పాలు తాగితే మా బాబుకు కడుపు ఉబ్బుతుంది. వద్దంటే టీచరు ఊరుకోరు.

జవాబు: బలవంతంగా తాగించొద్దని చెప్పండి. అన్నం తిన్నాక రెండు గుక్కలతో మొదలుపెట్టి చూడండి. కొందరికి పెరుగు పడుతుంది. విరేచనాలు ఆగకపోయినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా పాలు ఆపి డాక్టరుకు చూపించండి.