సంకల్పబలం ఒక్కటే చాలునా?

విద్యార్థి చదువులో వెనుకబడినప్పుడు పెద్దలు తరచుగా అనే మాట "నీకు పట్టుదల లేదు" అని. ఆ మాట విన్న విద్యార్థి తల వంచుకొని ఆ రాత్రికే ఒక ప్రతిజ్ఞ చేసుకొంటాడు. తెల్లవారుజామున నాలుగింటికి లేవాలి, రోజుకు పది గంటలు చదవాలి, స్నేహితులతో మాటలు కట్టిపెట్టాలి. నాలుగు రోజులు అలాగే జరుగుతుంది. ఐదవనాడు నిద్ర ముంచుకొస్తుంది. ఆరవనాడు పుస్తకం తెరిస్తే అక్షరాలు కనిపిస్తాయి గాని అర్థం తోచదు. లోకం దీనిని ఆరంభశూరత్వమని పరిహసిస్తుంది. తరగతి గదులలో మేము గమనించినంతవరకు ఇలా చతికిలబడేవారిలో సోమరుల కన్న శ్రద్ధాళువులే ఎక్కువ. సోమరికి ఇంతటి బడలిక రాదు.

ఈ స్థితికి ఆంగ్లంలో బర్న్‌ఔట్ అని పేరు. న్యూయార్క్ నగరంలో ఒక ఉచిత వైద్యశాలలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రజ్ఞుడు హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ 1974లో ప్రకటించిన వ్యాసంలో దీనిని వర్ణించాడు. అమితమైన అంకితభావంతో సేవకు వచ్చినవారే కొంతకాలానికి నీరసించి, విసుగుకు లోనవుతున్నారని అతడు గుర్తించాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదం పొందిన తన వర్గీకరణలో దీనిని వృత్తిసంబంధమైన స్థితిగా నిర్వచించింది, వ్యాధిగా పరిగణించలేదు. ఆ నిర్వచనం ఉద్యోగాలకే పరిమితమైనా, విద్యార్థికి చదువే వృత్తి గనుక ఆ మాటను ఇక్కడ వాడుకొంటున్నాము.

సంకల్పం అనవసరమని మా అభిప్రాయం కాదు. నియ్యత్ లేనిదే నమాజు లేదు, ఉపవాసమూ లేదు. కాని నియ్యత్ ప్రారంభంలో చేసేది. ఆ తరువాత పనిని నడిపించే ఏర్పాటు వేరే ఉంటుంది. రంజాను మాసాన్నే తీసుకోండి. మామూలు రోజులలో రెండు గంటలకొక టీ లేనిదే నిలువలేని మనిషి ఆ మాసంలో పగలంతా మంచినీళ్ళు కూడా ముట్టడు. అతని మనోబలం హఠాత్తుగా పదింతలైందనుకోవాలా? సహరీకి ఇల్లంతా లేస్తుంది. వీధి వీధంతా మేల్కొని ఉంటుంది. ఉపవాసం ఎప్పుడు మొదలో, ఎప్పుడు ముగింపో నిమిషాలతో సహా ముందే నిర్ణయమై ఉంటుంది. తినాలా, మానాలా అని గంట గంటకూ తనతో తాను వాదించుకొనే శ్రమ అతనికి లేదు. రోగికీ ప్రయాణికునికీ మినహాయింపు ఉన్నది. వదిలిన రోజులను తరువాత పూర్తిచేసుకోవచ్చు. ఈద్ నాడు ఉపవాసం నిషిద్ధమే. శరీరానికి హద్దు ఉన్నదని ధర్మమే అంగీకరించింది. మన విద్యార్థులు తమకు తాము విధించుకొనే కాలపట్టికలలో ఇటువంటి మినహాయింపు ఒక్కటీ కనిపించదు!

ఖురాన్ ముప్ఫై పారాలను కంఠస్థం చేసే బాలుని సంగతి ఇంకా ఆలోచింపదగినది. పది పన్నెండేళ్ళ పిల్లవానికి డిగ్రీ విద్యార్థిని మించిన మనోనిబ్బరం ఉంటుందని ఎవరూ అనరు. అతనిని గట్టెక్కించేది మదరసాలలో తరతరాలుగా వస్తున్న పద్ధతి. ఆనాటి కొత్త పాఠం సబఖ్. గడచిన కొద్ది రోజుల పాఠాలు సబ్ఖీ. అంతకు పూర్వం నేర్చినదంతా వంతులవారీగా వల్లెవేయడం ఆమోఖ్తా; దానినే మంజిల్ అని కూడా అంటారు. మూడింటినీ ఉస్తాద్ ఎదుట కూర్చొని ఒప్పజెప్పాలి. కొత్తది కొద్దిగానే ఉంటుంది, పాతదానికే ఎక్కువ సమయం పోతుంది. శుక్రవారం సెలవు. వినేవారు ఒకరున్నారు, ప్రక్కన తోటివారున్నారు, చేయవలసినది ఎంతో ముందే తెలుసు. కొద్దిదైనా విడువక చేసే పనికి హదీసులలో ఉన్న గౌరవం మన పాఠకులకు తెలియనిది కాదు. పరీక్ష ముందురాత్రి ఛందస్సూ అలంకారాలూ ఒక్క ఊపున మింగబోయే విద్యార్థికి సబఖ్ ఉన్నది గాని ఆమోఖ్తా లేదు. నిద్రలోనే జ్ఞాపకాలు స్థిరపడతాయని శాస్త్రజ్ఞులు చెబుతుండగా ఆ నిద్రనే మనవాళ్ళు ముందుగా బలి ఇస్తారు. నైటౌట్ అని దానికి ముద్దుపేరు కూడా పెట్టుకొన్నారు.

తెలుగు సాహిత్య చరిత్రలోనూ ఇందుకు నిదర్శనం లేకపోలేదు. 1820లో కడపకు వచ్చిన సి. పి. బ్రౌన్ పట్టుదలను మనం కొనియాడతాము. ఆయన తన ఖర్చుతో పండితులనూ లేఖకులనూ నియమించుకొని, ప్రతులను సేకరింపజేసి, సరిపోల్చి, పరిష్కరింపజేశాడు. ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వెలువడింది 1852లో. అన్ని సంవత్సరాల పాటు ఆయన పనిని నిలబెట్టినదానిలో ఆ ఏర్పాటుకూ పెద్ద పాలు ఉన్నది.

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ మిషెల్ 1960ల చివర నుండి చిన్నపిల్లలపై జరిపిన ప్రయోగాలను మనోబలానికి ఉదాహరణగా ఉపన్యాసాలలో చెబుతుంటారు. ఎదుట ఉన్న మిఠాయిని వెంటనే తినక కాసేపు ఆగితే రెండవది కూడా లభిస్తుందని పిల్లలకు చెప్పారు. ఆగిన పిల్లలు ఏం చేశారన్నది ఉపన్యాసకులు తరచుగా వదిలివేస్తారు. కొందరు కళ్ళు మూసుకొన్నారు, కొందరు పాటలు పాడుకొన్నారు. మిఠాయిని కనబడకుండా కప్పినప్పుడు పిల్లలు ఇంకా ఎక్కువసేపు ఆగగలిగారు. వారు ప్రలోభంతో కుస్తీ పట్టలేదు, దానికి ఎదురుపడకుండా తప్పుకొన్నారు. సెల్‌ఫోనును ప్రక్కన పెట్టుకొని "చూడను, చూడను" అని పళ్ళు బిగించే విద్యార్థి దానిని మరొక గదిలో అమ్మీ దగ్గర ఉంచితే ఆ బిగింపు అవసరమే ఉండదు. "రేపటి నుండి బాగా చదువుతాను" అనుకోవడం కేవలం కోరిక. "మగ్రిబ్ తరువాత, ముందు గదిలో, గణవిభజన అరగంట" అనుకొంటే అది ఏర్పాటవుతుంది.

ఐతే ఈ ఏర్పాటు అందరి చేతిలోనూ ఉండదు. మన విద్యార్థులలో కళాశాల వదలగానే దుకాణానికో మెకానిక్ షెడ్డుకో పోయి రాత్రి పదింటికి ఇల్లు చేరేవారున్నారు. ఇంటిపని, తమ్ముళ్ళ ఆలనాపాలనా ముగిసిన తరువాతనే పుస్తకం పట్టగలిగే విద్యార్థినులున్నారు. రెండు గదుల ఇంట్లో ఏడెనిమిది మంది ఉండేచోట "ముందు గది" అన్న మాటకే అర్థం లేదు. అటువంటివారితో పట్టుదల లేదనడం అన్యాయం. తమలోనే ఏదో లోపమున్నదని నమ్మి చదువు మానుకొన్నవారిని మేము ఎరుగుదుము. వారికి కావలసింది ఒక బల్ల, ఒక దీపం, వారానికొకసారి "ఏం చదివావు?" అని అడిగి వినే ఒక అధ్యాపకుడు. చివరిది మా వంతు. మొదటి రెండింటి విషయంలో కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. గ్రంథాలయాన్ని తరగతులు ముగిసిన తరువాత మరి రెండు గంటలు తెరచి ఉంచితే పనికి పోనక్కరలేని అబ్బాయిలకు ఉపకరిస్తుంది. చీకటి పడకముందే ఇల్లు చేరవలసిన అమ్మాయిలకూ, సాయంకాలం పనికి పోయేవారికీ అది అక్కరకు రాదు గనుక, ఉదయం తరగతులకు ఒక గంట ముందు కూడా తెరిపించవలసి ఉంటుంది.