కమిషనర్‌ను సర్కారు తీసేయొచ్చా?

ప్రశ్న: మా మున్సిపాలిటీ ఎన్నికలు పెట్టే కమిషనర్, ఢిల్లీ కమిషనర్ ఒక్కరేనా? సర్కారుకు నచ్చకపోతే తీసేయొచ్చా?
– ఒక పాఠకుడు, పోచంపల్లి

జవాబు: ఒక్కరు కాదండీ. 2020 జనవరిలో మీరు బ్యాలెట్ పేపరు మీద ముద్ర వేసి పెట్టెలో వేసిన ఎన్నికలు రాష్ట్ర ఎన్నికల సంఘానివి. ఎమ్మెల్యే, ఎంపీ ఎన్నికలు ఢిల్లీలోని కేంద్ర ఎన్నికల సంఘానివి. రాష్ట్ర కమిషనర్‌ను గవర్నర్ నియమిస్తారు. పేరు మాత్రం ప్రభుత్వం నుంచే వెళ్తుంది. అసలు లొసుగు అక్కడే ఉందని నా అభిప్రాయం.

తీసేయడం అంత తేలిక కాదు. రాజ్యాంగం 243-కె ప్రకారం హైకోర్టు జడ్జిని తొలగించే పద్ధతిలోనే తొలగించాలి. అంటే పార్లమెంటు ఉభయ సభల్లో ప్రత్యేక మెజారిటీ కావాలి. అసెంబ్లీకి ఆ అధికారం లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో అడ్డదారి తొక్కి చూశారు. కరోనా వల్ల అక్కడి రాష్ట్ర ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్‌కుమార్ 2020 మార్చి 15న స్థానిక ఎన్నికలు వాయిదా వేశారు. ఏప్రిల్ 10న ఆర్డినెన్స్ వచ్చింది: కమిషనర్ పదవీకాలం 5 ఏళ్ల నుంచి 3 ఏళ్లకు తగ్గింది. ఆయన 2016లో చేరినవారు కాబట్టి ‘తొలగింపు’ అనే మాటే లేకుండా ఇంటికి పంపినట్టయింది. మర్నాడే ఆయన కుర్చీలో కొత్త కమిషనర్‌గా జస్టిస్ కనగరాజ్ వచ్చి కూర్చున్నారు. మే 29న హైకోర్టు ఆ ఆర్డినెన్స్‌ను కొట్టేసింది. అయినా రమేశ్‌కుమార్‌ను తిరిగి నియమిస్తూ ఉత్తర్వు రావడానికి జూలై నెలాఖరు దాకా పట్టింది.

ఇక ఢిల్లీ సంఘం సంగతికొస్తే, ప్రధాన ఎన్నికల కమిషనర్‌కు సుప్రీంకోర్టు జడ్జికున్నంత రక్షణ ఉంది. మిగతా ఇద్దరు కమిషనర్లనూ ఆయన సిఫారసు లేనిదే తొలగించలేరు.