ఎరువు సొమ్ము

అడవులదీవి

మేనల్లుడా,

కథ అందింది. మపాసా ‘హారం’ కథను మనూరికి తెచ్చావు. పారిస్‌లో మంత్రిగారి విందుకు బదులు రేపల్లెలో పెళ్లి. ఆంధ్రా పారిస్ అని తెనాలికి పేరుందిగా, పెళ్లి కనీసం అక్కడైనా పెట్టాల్సింది! సరే, అదలా ఉంచు. నీ కథలో హారం గిల్టుదని చివర తేలినప్పుడు మామయ్య ఉలిక్కిపడలేదు. అసలు కథ చదివినవాళ్లు మాత్రం ఉలిక్కిపడతారు. ఎందుకో చూడు.

ఆ కథ 1884 ఫిబ్రవరిలో ‘ల గోలువా’ పత్రికలో వచ్చింది. మపాసా కొన్నాళ్లు విద్యాశాఖలో గుమస్తా. కథలో నాయిక మటిల్డా భర్త ఉద్యోగమూ అక్కడే. అందుకే ఆ ఇంటి జమాఖర్చులు అంత నిక్కచ్చిగా ఉంటాయి. భార్య గౌనుకు అతనిచ్చిన 400 ఫ్రాంకులు తుపాకీ కొనుక్కుందామని దాచుకున్నవి. స్నేహితురాలి దగ్గర ఎరువు తెచ్చి పోగొట్టుకున్న హారానికి బదులు కొన్నది 36,000కు. తండ్రి మిగిల్చిన 18,000 పోను మిగతాదంతా అప్పే. తీర్చడానికి పదేళ్లు పట్టింది. ఆ పదేళ్లూ కొద్ది పేరాల్లో అయిపోతాయి: మటిల్డా పనిమనిషిని మానిపించింది, అంట్లు తోమింది, నీళ్లు మోసింది, ముసలిదైపోయింది.

కథకుడు మటిల్డా పక్కనే నిలబడతాడు. హారం అందుకుంటుంటే ఆమె చేతులు వణికాయి కాబట్టి అందులోవి వజ్రాలేనని మనమూ నమ్ముతాం. అలాగని మనల్ని మోసం చేశాడా? లేదు. హారం పెట్టె లోపల పేరున్న వర్తకుణ్ణి వెళ్లి అడిగితే, హారం నేను అమ్మలేదు, పెట్టె మాత్రమే ఇచ్చానంటాడు. గుట్టంతా ఆ ఒక్క మాటలో ఉంది! కంగారులో మొగుడూపెళ్లాలు దాన్ని దాటిపోతారు, వాళ్ల వెనకే మనమూ. తిరిగొచ్చిన పెట్టెను స్నేహితురాలు ఫోరెస్తియే తెరిచి చూడదు కూడా.

1910లో వచ్చిన గురజాడ కథ ‘దిద్దుబాటు’ కూడా ఇలాగే గోపాలరావు వెంట నడుస్తుంది. భార్య కమలిని ఇల్లు విడిచి వెళ్లిందని అతనితోపాటు మనమూ హడలిపోతాం. ఆమె మంచం కిందే ఉంది.

నీ కథ చెడింది ఊరి దగ్గర. మటిల్డా, ఫోరెస్తియే కాన్వెంటులో కలిసి చదివారు, తర్వాత అంతస్తులు వేరయ్యాయి. అంత నగరంలో ఒకరి కష్టం పదేళ్లు ఇంకొకరికి తెలియకపోవచ్చు. అడవులదీవిలో కుదురుతుందా? ఎవరి మెడలో ఎవరి గొలుసుందో పెళ్లి భోజనాలు అయ్యేలోపే తేలిపోతుంది. ఎన్ని కాసులని అడగని అమ్మమ్మ ఉండదు. పైగా కృష్ణ అవతల, బందరు పక్కనే చిలకలపూడి. గిల్టు నగలకు దేశమంతా పేరున్న ఊరది. ‘చిలకలపూడిదా?’ అని మనవాళ్లు ముందే అడిగేస్తారు.

కాబట్టి నకిలీ సంగతి చివరిదాకా దాచకు, మొదట్లోనే చెప్పెయ్. రొయ్యల చెరువుకు వైట్‌స్పాట్ తెగులు తగిలిన ఏడు ఎరువిచ్చినావిడ అసలు హారం తాకట్టుకు వెళ్లింది. మెడలో మిగిలింది గిల్టుది. ఆ మాట పైకి అనలేకే, నీ కథలోని పిల్ల అడగ్గానే తీసిచ్చింది. ఇప్పుడు కథ ఆవిడ పక్కన నిలబడి చెప్పు. అప్పుచేసి కొన్న నిఖార్సైన బంగారం పట్టుకొని పిల్ల గుమ్మంలోకొచ్చింది. పంచన నలుగురాడవాళ్లు కూర్చున్నారు. పుచ్చుకుంటే పిల్ల అప్పులపాలు, వద్దంటే తన తాకట్టు బయట.

అక్కణ్ణుంచి నువ్వు రాయి. సంక్రాంతికి వచ్చేటప్పుడు పట్టుకురా. అత్తయ్య కూడా వింటానంటోంది.

మామయ్య