మూలికల రంగు బట్టలు - వైద్యము

రంగుల అంగడియు, మందుల అంగడియు ఒకప్పుడు వేరువేరుగా ఉండెడివి కావు. కరక్కాయ, పసుపు, మంజిష్ఠ, దానిమ్మ తొక్క, నీలి - వీనిలో దేనిని తీసికొన్నను అది అటు అద్దకపు బానలోను, ఇటు వైద్యుని కల్వములోను కనబడును. కరక్కాయనే చూడుడు. ఆయుర్వేదములో అది త్రిఫలములలో ఒకటి. యునానీ హకీములు దానిని హలీలా అనిరి. త్రిఫల యను మాటయే వారి చేతిలో 'ఇత్రీఫల్' అయి, నేటికిని ఆ పేరుతో లేహ్యములు అమ్ముడుపోవుచున్నవి. అదే కరక్కాయను మచిలీపట్నము, పెడన ప్రాంతముల కలంకారీ పనివారు గేదెపాలతో కలిపి, అద్దకమునకు ముందు బట్టను ఆ నీటిలో నానవేయుదురు. కరక్కాయలోని వగరు ఇనుప నీటితో కలిసి నలుపునిచ్చును. పాలలోని కొవ్వు రంగును ప్రక్కలకు ప్రాకనీయదు. రోగికి జీర్ణశక్తినిచ్చు కాయ ఇచ్చట గీతకు స్పష్టతనిచ్చుచున్నది.

ఒకే మూలిక రెండు విద్యలకును పనికివచ్చుచుండగా, ఆ మూలికతో రంగువేసిన బట్టయే మందు కాగూడదా అను ఆలోచన పుట్టుట సహజము. ఇటీవలి కాలమున కేరళలో 'ఆయుర్వస్త్ర' అను పేర ప్రసిద్ధికెక్కిన వస్త్రములు ఈ ఆలోచనకు రూపమే. తిరువనంతపురమునకు సమీపమున నున్న బలరామపురము ఇందులకు కేంద్రము. అది చేనేతకు పేరొందిన ఊరు. గుంటమగ్గములపై నేసిన జరీ అంచు తెల్ల బట్టలకు ప్రసిద్ధి. అచ్చటివారు నూలును గాని, నేసిన బట్టను గాని పసుపు, వేప, తులసి, చందనము, వట్టివేరు మొదలైన మూలికల కషాయములో నిర్ణీతమైన వేడిమిలో నాననిచ్చి, నీడపట్టున ఆరవేయుదురు. ఏ రోగమునకు ఏ మూలికలను కలుపవలెనో వైద్యశాస్త్రమును బట్టి నిర్ణయింతురు. చర్మరోగములకు, కీళ్లనొప్పులకు, కొందరు చెప్పునట్లు మధుమేహమునకును రక్తపోటునకును కూడ, ఈ వస్త్రములు మేలుచేయునని చెప్పుదురు. తిరువనంతపురపు ప్రభుత్వ ఆయుర్వేద కళాశాలలో వీనిని రోగులపై ప్రయోగించి చూచుటయు జరిగినది. అయితే బట్టలతోపాటు పరుపులు, చాపలు, గోడలకు కట్టు తెరలు అన్నియు మూలికలతో సిద్ధపరచినవే అయినపుడు, కలిగిన మేలు బట్టవలననా, గది చల్లదనము వలననా, విశ్రాంతి వలననా అని విడదీసి చెప్పుట సాధ్యము కాదు.

ఇచ్చట మాకొక చిక్కు కనబడుచున్నది. అద్దకపువాడు కోరునదేమి? రంగు బట్టను విడువరాదని. చాకలి బండపై ఎన్నిసార్లు బాదినను మంజిష్ఠ ఎరుపు చెక్కుచెదరకున్న, వాని పనితనమునకు మెప్పు. వైద్యుడు కోరునదేమి? మందు బట్టను విడిచి చర్మములో చేరవలెనని. ఈ రెండు కోరికలును ఒకదానికొకటి ఎదురు. పటిక పట్టించిన నూలుతో మంజిష్ఠలోని ఎర్రని పదార్థము గట్టిగా ముడిపడును. ఆ ముడి వీడనిచో మందు బయటికి రాదు, వీడినచో బట్ట వెలసిపోవును. నీలి సంగతి మరింత విచిత్రము. అది నీటిలో కరగదు. క్షారపు బానలో పులియబెట్టినపుడు మాత్రమే రంగు కోల్పోయి కరగి నూలులో చొరబడును; బానలోనుండి పైకి తీసి గాలికి పట్టగనే మరల నీలమై, కరగని రూపముతో నూలులో చిక్కుకొనును. ఇక పసుపు దీనికి విరుద్ధము. నూలును గట్టిగా పట్టదు, ఎండకు నిలువదు, సబ్బు తగిలిన ఎర్రబడును. కావున మందును కొంతయైన విడువగల బట్ట, అద్దకపువాడు మెచ్చని బట్టయే అగుచున్నది.

మూలికలు చర్మము గుండ లోపలికి పోనేపోవని మేమనుట లేదు. గోరింటాకు ముద్ద ఇందులకు నిదర్శనము. రక్తములో జీ-సిక్స్-పీ-డీ అను ఎంజైము లోపించిన పసిపిల్లలకు ఆ ముద్దను పూసినపుడు ఎర్రకణములు చితికి ప్రాణాపాయము కలిగిన సందర్భములు వైద్య పత్రికలలో నమోదైనవి. మన యిండ్లలో పండుగనాడు శిశువుల అరచేతులకు గోరింట పెట్టు పెద్దలు ఈ సంగతి ఎరిగియుండుట మంచిది. కాని అది తడి ముద్ద, గంటల తరబడి చర్మమును అంటియుండునది. బానలో ఉడికి, ఉతికి, ఆరిన వస్త్రము వేరు. మూలిక కనుక హాని చేయదనుట ఎంత పొరపాటో, మూలిక కనుక బట్టలో నుండియు మందే అగుననుట అంత పొరపాటు.

మరి ఈ బట్టలవలన మేలే లేదా? కలదు, అయితే చెప్పబడినంత కాదు. పసుపు, దానిమ్మ తొక్క, కరక్కాయ వీనితో రంగువేసిన నూలుబట్టపై కొన్ని సూక్ష్మజీవులు పెరుగలేవని ప్రయోగశాలలలో చూచిరి. చెమటపట్టు ఒంటికి ఇది స్వల్పలాభము కాదు. కాని బట్టపై క్రిమి చచ్చుట వేరు, ఒంటిలో రోగము కుదురుట వేరు. రెండవ మేలు, బట్టలో ఉన్నదానివలన గాక లేనిదానివలన కలుగునది. 1856లో పెర్కిన్ మొదటి కృత్రిమ వర్ణమును కనుగొన్న తరువాత తారు నుండి పుట్టిన రంగులు లోకమును ముంచెత్తినవి. 1897 నాటికి జర్మనీ కర్మాగారపు నీలి కూడ అంగడికి వచ్చి మన నీలిమందు పొలములను దెబ్బతీసినది. ఆ కృత్రిమ వర్ణములలో కొన్ని అజో రంగులు విడిపోయి కాన్సరు కారకములైన పదార్థములనిచ్చునని తేలగా 1994లో జర్మనీయు, 1997లో మన దేశమును వానిని నిషేధించినవి. సున్నితమైన చర్మము గలవారు, తామరతో బాధపడువారు, గిట్టని రంగులు లేని మెత్తని నూలుబట్ట కట్టినపుడు సుఖపడుటలో వింత లేదు. ఆ సుఖమునకు మధుమేహపు చికిత్స అని పేరు పెట్టి అమ్ముట మాత్రము తగదు. చీరను నమ్మి మాత్రలు మానుకొన్న రోగి నష్టము, ఆ చీర నేసిన నేతగాని బ్రతుకునకు వచ్చు లాభముతో తీరునది కాదు. ఆ నేతగాడు మంచి రంగు, మంచి నేత అని చెప్పియే గౌరవముగా అమ్ముకొనగలడు.

రసాయనశాస్త్ర విద్యార్థులు ఈ విషయమును తమ ప్రయోగశాలలోనే పరీక్షింపవచ్చును. రెండు తెల్ల నూలుగుడ్డలలో ఒకదానిని పటిక నీటిలో నానబెట్టి, పిదప రెండింటిని పసుపునీటిలో ఉడికించి ఆరవేయుడు. ఒక్కొక్క గుడ్డను మూడు ముక్కలు చేయుడు. మొదటి ముక్కలో సగమును దళసరి కాగితముతో కప్పి ఎండలో ఉంచుడు. రెండవదానిని సబ్బుతో పదిమార్లు ఉతికి, ప్రతి ఉతుకు నీటిని వేరువేరు గాజుగొట్టములలో నిలువ చేయుడు. మూడవదానిపై నువ్వులనూనె రాసిన తెల్లగుడ్డను రుద్ది, ఎంత పసుపు అంటినదో చూడుడు. ఏలయన పసుపులోని రంగుపదార్థము నీటిలో కంటె నూనెలో సులభముగా కరగును, మన చర్మముపైనను జిడ్డు ఉండును. పదవ ఉతుకు తరువాత ఆ రెండవ ముక్కపైనను నూనెగుడ్డనే మరల రుద్ది, రెండు మరకలను ప్రక్కప్రక్కన ఉంచి చూడుడు.