దమస్కు నగరమున ఒక విద్యార్థి రంజాను మాసము

చరిత్ర పాఠములలో మహమ్మదు బిన్ తుగ్లకును గూర్చి చదువునప్పుడు మనకు ఇబన్ బతూతా అను పేరు ఎదురగును. ఢిల్లీలో ఖాజీగా నుండి, ఆ సుల్తాను ఔదార్యమును, క్రౌర్యమును కన్నులార చూచి చెప్పినవాడతడే. 1340 తరువాతి యేండ్లలో తమిళనాటి మధురకు గూడ నాతడు వచ్చియుండెను. అంతటివాడు తొలుత ఒక సామాన్య విద్యార్థిగా ఇల్లు వెడలినవాడను సంగతి మనలో పెక్కుమంది యెరుగరు. ఆ విద్యార్థిదశలో అతడు ఎడారి యంచుననున్న ఒక మహానగరమున రంజాను మాసమును గడపిన వృత్తాంతమును ఈ పాఠమున వివరింపదలచినాము.

ఇబన్ బతూతా 1304లో ఆఫ్రికా ఖండపు వాయవ్య మూలనున్న టాంజియరు పట్టణమున జన్మించెను. వారిది న్యాయశాస్త్రము నభ్యసించిన పండిత కుటుంబము. మక్కా యాత్ర చేయుటయు, తూర్పు దేశముల పండితులకడ చదువుకొనుటయు అతని సంకల్పములు. 1325 జూన్ 14వ తేదీని తలిదండ్రులను విడిచి ఒంటరిగా బయలుదేరెను. అప్పటి కతనికి 21 యేండ్లు. ట్యూనిసు నగరము చేరినప్పుడు ఊరివారు ఎదురేగి తోడి యాత్రికులను పలుకరించిరి. ఇతనిని పలుకరించినవారు లేరు. ఆ దుఃఖమునకు తాళలేక ఏడ్చితినని అతడే చెప్పుకొనినాడు. పరదేశమున విద్యార్థికి కలుగు కష్టములలో తన్నెరిగినవారు లేకపోవుట మొదటిది.

అలెగ్జాండ్రియా, కైరో నగరములను దాటి, 14 నెలల ప్రయాణానంతరము 1326 ఆగస్టు 9వ తేదీని, అనగా హిజరీ 726 రంజాను 9వ నాడు, అతడు సిరియా దేశమందలి దమస్కు నగరమును ప్రవేశించెను. అప్పుడా దేశమును కైరో రాజధానిగా మమ్లూకు సుల్తానులు ఏలుచుండిరి. దమస్కు సముద్రమట్టమునకు సుమారు 690 మీటర్ల యెత్తున, కొండల పాదమున నున్నది. మధ్యధరా సముద్రమునుండి వచ్చు మేఘములను పడమటి పర్వతములు అడ్డగించుటచే అచట వానలు మిక్కిలి తక్కువ. తూర్పున సిరియా ఎడారి వ్యాపించియున్నది. ఆగస్టు నెలలో పగటి వేడిమి నేటి లెక్కలనుబట్టి 36, 37 డిగ్రీల సెంటీగ్రేడు వరకు పోవును. అట్టి తావున మహానగరము నిలుచుటకు బరదా నది కారణము. ఈ చిన్న నదిని పూర్వులు కాలువలుగా చీల్చి, ఇండ్లకును మసీదులకును నీరు తెచ్చి, నగరముచుట్టు 'గూతా' అను విశాలమైన తోటల వలయమును పెంచిరి.

రంజాను ఆ యేడు మండువేసవిలో వచ్చుటకు కారణము తెలిసికొనవలెను. ఇస్లాము పంచాంగము చంద్రుని ననుసరించునది. దాని సంవత్సరమునకు 354 లేక 355 దినములే. మన చాంద్రమానమున అధికమాసమును చేర్చి ఋతువులతో సరిపెట్టుకొందుము. వారి లెక్కలో అధికమాసము లేదు. కావున రంజాను ఏటేట 10, 11 దినములు ముందునకు జరుగుచు, సుమారు 33 సంవత్సరములలో ఋతువులన్నిటిని చుట్టివచ్చును. వేకువ వెలుగు పొడచూపినది మొదలు సూర్యాస్తమయము వరకు ఉపవాసము. ఆ నడుమ అన్నమే గాక నీరును ముట్టరాదు. దమస్కులో ఆ దినములలో ఈ కాలము 14 గంటలకు మించును. రోగులకును ప్రయాణికులకును సడలింపు గలదు. తప్పిన దినములను వారు తరువాత తీర్చుకొందురు.

ఇట్టి దీర్ఘోపవాసమును విడుచు వేళ దమస్కు ప్రజలు పాటించు ఆచారమును ఈ యువకుడు శ్రద్ధతో గమనించెను. ఆ నగరమున రంజాను రాత్రులయందు ఎవ్వడును ఒంటరిగా ఉపవాసము విడువడట. అధికారులు, ఖాజీలు, సంపన్నులు తమ మిత్రులతోపాటు పేదలనుగూడ పిలిచి భోజనము పెట్టుదురు. వర్తకులు తమ శక్తికొలది అట్లే చేయుదురు. పేదవారును, ఎడారివాసులును తమలో నొకరి యింటనో, మసీదునందో కూడి, ఎవరికున్నది వారు తెచ్చి, అందరును కలసి తిందురు. ఈ మూడవ పద్ధతిని మనము ముఖ్యముగా గమనింపవలెను. కలవాడు పెట్టుట మంచిదే. లేనివారు తమకున్న కొంచెమును పదుగురి నడుమ నుంచుట మరింత గొప్పది.

ఆ మాసముననే అతని చదువును సాగెను. ఖలీఫా మొదటి వలీదు కట్టించిన ఉమయ్యదు మసీదు 715 ప్రాంతమున పూర్తియైనది. ఇబన్ బతూతా నాటికి అది ప్రార్థనాలయముగానే గాక గొప్ప విద్యాస్థానముగాను వెలయుచుండెను. ప్రవక్త వచనముల సంకలనమైన సహీహ్ బుఖారీ గ్రంథమును రంజాను నడుమనుండి 28వ నాటివరకు 14 కూటములలో అచట వింటినని అతడు చెప్పినాడు. గురువు అల్ హజ్జారు; అప్పటికి సుమారు నూరేండ్ల వృద్ధు. గ్రంథమును చదివి వినిపించినవాడు బిర్జాలీ అను చరిత్రకారుడు. తనవలన నేర్చినదానిని పరులకు చెప్పవచ్చునని గురువు శిష్యునకిచ్చు అనుమతిని 'ఇజాజా' అందురు. అతనికి దమస్కులో ఇజాజాల నిచ్చినవారిలో జైనబు, ఆయిషా అను ఇరువురు విదుషీమణులుండిరి. ఏడువందల యేండ్లనాడే స్త్రీలు పురుషులకు విద్యాధికారము నొసగిరనుట మన బాలికలు గుర్తుంచుకొనదగిన విషయము.

పరస్థలమునుండి వచ్చిన బీదవానిని ఆ నగరము భరింపగలుగుటకు 'వక్ఫు'లు తోడ్పడెను. ఒక ధర్మకార్యమునకై శాశ్వతముగా విడిచిపెట్టిన ఆస్తికి వక్ఫు అని పేరు. దాని రాబడి ఆ కార్యమునకే చెందును. బాటసారుల అన్నవస్త్రములకు, చెరలోనున్నవారిని విడిపించుటకు, పేదపిల్లల పెండ్లి సామగ్రికి, వీధుల మరమ్మతునకు వేరు వేరుగా వక్ఫులుండెను. ఒకనాడు ఒక బానిస బాలుడు చీనా పీంగాణి పళ్ళెమును జారవిడిచి పగులగొట్టెను. యజమానుని శిక్షకు భయపడుచున్న ఆ బాలునితో, పెంకులు ఏరుకొని పాత్రల వక్ఫు అధికారియొద్దకు పొమ్మని ఒకడు చెప్పెను. అతడు పెంకులను చూచి క్రొత్త పళ్ళెము వెల నిచ్చెను. దెబ్బలు తప్పించుటకు సయితము ఒక ధర్మనిధిని నెలకొల్పిన ఊరది.

ఇక అతనికి స్వయముగా జరిగిన ఉపకారమును చెప్పెదము. నూరుద్దీన్ సఖావీ అను మాలికీ శాఖాధ్యాపకుడు అతనితో స్నేహము చేసి, ప్రతిరాత్రి తన యింట ఉపవాసము విడువుమని కోరెను. ఇతడు నాలుగు రాత్రులు పోయి, జ్వరము తగిలి మానెను. అధ్యాపకుడు మనుష్యులను పంపి వెదకించి, ఇంటికి రప్పించుకొని, తండ్రి యింట నున్నట్లే యుండుమని చెప్పి, వైద్యుని పిలిపించి, మందును పథ్యమును తన యింటనే సిద్ధము చేయించెను. పండుగనాటికి రోగము నెమ్మదించెను గాని చేతిలోని డబ్బు అయిపోయెను. అది తెలిసి ఆయన ఒంటెలను బాడుగకు కుదిర్చి, దారిబత్తెమును, పైకమును ఇచ్చి పంపెను. సుమారు 1,300 కిలోమీటర్ల దూరమందలి మదీనాకు పోవు బిడారుతో ఇబన్ బతూతా సెప్టెంబరు ఆరంభమున బయలుదేరెను.

22 యేండ్లు గడచెను. 1348లో అతడు అనేక దేశములు తిరిగి మరల దమస్కు చేరెను. ఆ యూర తనకు పుట్టిన కుమారుని క్షేమ మరయుటకు మసీదునకు పోగా, భాగ్యవశమున సఖావీ కనబడెను. నమస్కరించిన ఇతనిని ఆయన ఆనవాలు పట్టలేదు. ఇతడు తన పేరు చెప్పి అడుగగా, ఆ బిడ్డ మరణించి 12 యేండ్లైనదని ఆయన తెలిపెను. టాంజియరు పండితుడొకడు ఊరనున్నాడని ఆయనయే చెప్పి పంపగా, ఆతనివలన తన తండ్రియు 15 యేండ్లక్రిందటనే గతించెననియు, తల్లి బ్రతికియున్నదనియు ఇతడు వినెను.

విద్యార్థులారా! మనలో పైచదువులకు పరభాషా ప్రాంతములకు పోవువారు ఏటేట నుందురు. మన యూరికి వచ్చి చేరు క్రొత్తవారును నుందురు. వచ్చినవానిని ముందుగా పలుకరించుటకు ధనమక్కరలేదు. 1355లో ఫెజ్ నగరమున ఇబన్ బతూతా యాత్రాగ్రంథము పూర్తియగునప్పటికి ఆ రంజాను గడచి 29 యేండ్లు. అయినను అధ్యాపకుని పేరు, నాలుగు రాత్రుల విందు, జ్వరము, ఒంటెల బాడుగ అన్నియు అందు చేరినవి. పెట్టినవాడు మరచెను; తిన్నవాడు మరువలేదు.